గేరు ‘పడటం’ తప్పా?

సందేహం: కారు గేరు మారుస్తుంటే కర్రుమంటోంది. ‘సింక్రో రింగులు అరిగాయండీ, అందుకే గేరు సరిగా పడట్లేదు’ అన్నాడు మెకానిక్. మా అబ్బాయి పుస్తకంలో ఈ సింక్రోకు ‘సమకాలీకరణ’ అని ఉంది. ‘గేరు పడటం’ సరైన ప్రయోగమేనా? ఏ మాట వాడాలి?

సమాధానం: మెకానిక్ తెలుగుకు వంక పెట్టలేను. ముడి పడుతుంది, తాళం పడుతుంది, గేరు పడితే తప్పేమిటి? ‘అరుగు’ కూడా సరైనదే. కావ్యాల్లో ‘అరిగెను’ అంటే వెళ్లెనని, మన ఇళ్లలో అన్నం అరగడమని వేరే అర్థాలున్నాయి.

నా పేచీ ‘సమకాలీకరణ’తో. తిక్కన, గణపతిదేవుడు సమకాలికులు. గేరుబాక్సులో కలవాల్సింది వేగం. అందులో పళ్లచక్రాల జతలు ఎప్పుడూ కలిసే ఉంటాయి, కానీ ప్రతి జతలో ఒకటి షాఫ్టు మీద వదులుగా తిరుగుతుంటుంది. షాఫ్టుతో తిరిగే స్లీవు జరిగి దాన్ని పట్టుకుంటేనే గేరు పడినట్టు. వేగాలు కుదరకముందే స్లీవును తోస్తే పళ్లు కొట్టుకుంటాయి. అందుకే మధ్యలో ఇత్తడి రింగు పెట్టారు, మెకానిక్ చెప్పిన సింక్రో రింగు ఇదే. అది చక్రం పక్కనున్న శంకువు మీద ఒరుస్తుంది, వేగాలు సమమయ్యేదాకా స్లీవును ముందుకు పోనివ్వదు.

ఈ ‘ఒరయు’ ఎంత చక్కని మాట! గట్లను ఒరుసుకుంటూ గోదావరి పారుతోందని ఇప్పటికీ రాస్తున్నాం. మన ఒరగల్లే కన్నడంలో ఒరెగల్లు, తమిళంలో ఉరైకల్. కంసాలి బంగారాన్ని గీసి చూసే రాయి అది. రింగు చేసే పనీ అదే: ముందు ఒరసి చూసి, ఆ తర్వాతే దారి ఇవ్వడం. ‘ఒరపిడి’ అని నిఘంటువుల్లో నిక్షేపంలా ఉండగా పాఠ్యపుస్తకాలవారు ‘ఘర్షణ’ను పట్టుకున్నారు. పత్రికలేమో దాన్ని రెండు వర్గాల కొట్లాటకు కేటాయించాయి. పిల్లలు ఏమనుకోవాలి?

అమెరికాలో కాడిలాక్ 1928లో ఈ ఏర్పాటు తెచ్చేదాకా డ్రైవర్లు క్లచ్ రెండుసార్లు తొక్కి, వేగాలు తామే కుదుర్చుకునేవారు. కాబట్టి ‘సమవేగ రింగు’ అనవచ్చునేమో. పరీక్షలో మాత్రం అబ్బాయిని ‘సమకాలీకరణ’ అనే రాయనివ్వండి, మార్కులు పోగొట్టుకోవద్దు. విడిభాగాల కొట్లో ‘సింక్రో రింగు’ అనే అడగండి.

అన్నట్టు, రివర్సులో మాత్రమే కర్రుమంటుంటే మెకానిక్ మాట వెంటనే నమ్మకండి. చాలా కార్లలో ఆ గేరుకు రింగే ఉండదు. బండి పూర్తిగా ఆగాక, క్లచ్ తొక్కి ఒక్క క్షణం ఆగి వేసి చూడండి.