పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ ఎవరు? ఆమెను గొప్ప నటి అని ఎందుకంటారు?

1907లో లండన్ శివారు క్రోయ్‌డన్‌లో పుట్టిన బ్రిటిష్ రంగస్థల నటి ఆమె. 1930లో షేక్‌స్పియర్ నాటకం ‘ఒథెల్లో’లో నల్లజాతి నటుడు పాల్ రోబ్సన్ సరసన ఆయన భార్య డెస్డిమోనాగా తెల్లజాతి నటి అయిన ఆమె నటించినందుకు ద్వేషంతో నిండిన ఉత్తరాలు వచ్చాయి. ఆమె వెనక్కి తగ్గలేదు. నా దృష్టిలో ఆమె గొప్పతనం అక్కడే మొదలైంది.

1956లో ‘డేమ్’ (బ్రిటన్‌లో మహిళలకు ఇచ్చే గౌరవ బిరుదు) వచ్చింది. 1963లో షేక్‌స్పియర్ స్వస్థలం స్ట్రాట్‌ఫర్డ్‌లో షేక్‌స్పియర్ చరిత్ర నాటకాల వరుసలో రాణి మార్గరెట్ పాత్ర వేశారు. యాభై అయిదేళ్ల మనిషి పడుచుపిల్లగా రంగం మీదికి వచ్చి, చివరికి శాపనార్థాలు పెట్టే ముసలిరాణిగా మిగలడం ఎంతటి సాహసమో చూడండి!

మన దేశంతో ముడిపడిన ఆమె పేరొందిన పాత్రలు రెండూ 1984లో వచ్చాయి. బ్రిటిష్ పాలన చివరి రోజుల భారతదేశంలో సాగే టీవీ ధారావాహిక ‘ద జ్యువెల్ ఇన్ ద క్రౌన్’లో పదవీ విరమణ చేసిన మిషనరీ ఉపాధ్యాయురాలు బార్బీ ఆమే. ఆశ్రయమిచ్చిన స్నేహితురాలు చనిపోగానే ఇల్లు వదలవలసి వచ్చిన ఆ ఒంటరి మనిషి దైన్యం చూస్తే గుండె తరుక్కుపోతుంది. దానికి బ్రిటన్ సినిమా, టీవీ పురస్కారమైన బాఫ్టా వచ్చింది. అదే ఏడాది ‘ఎ ప్యాసేజ్ టు ఇండియా’ చిత్రంలో వేసిన మిసెస్ మూర్ పాత్రకు 77 ఏళ్ల వయసులో ఆస్కార్ అందుకున్నారు. 1991లో కన్నుమూశారు. క్రోయ్‌డన్‌లో ఆమె పేరిట నాటకశాల ఉంది.