క్షిపణి కంటికి కిటికీ చేస్తానన్న అమ్మాయికి

తల్లీ,

నువ్వు పంపిన ప్రాజెక్టు రిపోర్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి గర్వంగా, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. మీ నాన్న ఫోన్ చేసి "అన్నయ్యా, నువ్వైనా చెప్పి ఆపు" అన్నాడు. నేను ఆపను. కాకపోతే నువ్వు రాసింది ఒక కంపెనీ కాదు, మూడు కంపెనీలు. క్షిపణి ముక్కులో లక్ష్యాన్ని వెతికే కన్ను, అదే సీకర్, దాని ముందు పెట్టే కిటికీ ఒకటి, లేజర్ అద్దాల మీద కోటింగు ఒకటి, డ్రోన్లను పసిగట్టే సెన్సారు ఇంకొకటి. నలుగురు మనుషులతో మూడూ చేస్తావా? రెండు కొట్టెయ్.

లేజర్ పిచ్చి నీకు ఎక్కడ పట్టిందో తెలుసు. 2025 ఏప్రిల్ 13న కర్నూలు పరీక్షల రేంజిలో మన హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్ చెస్ వాళ్లు 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్‌ను కూల్చిన వీడియో మన ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది నువ్వే. బాగుంది. కానీ ఒక లెక్క వెయ్యి. 30 కిలోవాట్లు వెళ్లే దారిలో ఉన్న అద్దం అందులో వెయ్యో వంతు పీల్చుకున్నా 30 వాట్ల వేడి అక్కడే కూర్చుంటుంది. అద్దం ఉబ్బుతుంది, కిరణం చెదురుతుంది. ఆ పీల్చుకోవడాన్ని పది లక్షల్లో వంతులుగా కొలిచే పరికరం లేకుండా కోటింగు అమ్మడమంటే తూకం లేకుండా బంగారం అమ్మడమే. అది కొనే స్తోమత నీకు ఇప్పుడు లేదు.

నీ పీహెచ్‌డీ జింక్ సల్ఫైడ్ మీద కదా, దాన్నే పట్టుకో, కిటికీ ఒక్కటే చెయ్యి. నీ సీకర్ చూసేది వేడిని, అంటే 8 నుంచి 12 మైక్రాన్ల పరారుణ కిరణాలను. మామూలు గాజు వాటిని దాటనివ్వదు. జెర్మేనియం దాటనిస్తుంది గానీ, వంద డిగ్రీలు దాటేసరికి మసకబారడం మొదలవుతుంది. పైగా 2023 ఆగస్టు నుంచి చైనా దాని ఎగుమతికి లైసెన్సు పెట్టింది. సఫైర్ గట్టిదే, కానీ ఆ కిరణాలకు అదీ గుడ్డిదే. నీ జింక్ సల్ఫైడ్‌కు చూపు ఉంది, ఒళ్లు మాత్రం మెత్తన. ధ్వని కన్నా వేగంగా పోతుంటే వాన చినుకు కూడా గుంట పెడుతుంది. గాలి రాపిడికి కిటికీయే వేడెక్కి వెలిగితే వెనకున్న సీకర్ కళ్లకు దీపం అడ్డం పెట్టినట్టే. ఇన్ని లోపాల మధ్య కాస్త మెరుగైనది చేసి చూపిస్తే చాలు, నీ మాట వినేవాళ్లు దొరుకుతారు.

అలాగని జింక్ సల్ఫైడ్ పలకలు పెంచే రియాక్టర్ నువ్వే కట్టకు. రిపోర్టు నాలుగో పేజీ చూడగానే నాకు గుండె ఆగినంత పనైంది. జింక్ ఆవిరి, హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు కలిపి పలక పెంచడానికి రోజులూ వారాలూ పడుతుంది. ఆ గ్యాసు కొంచెం ఉంటే కుళ్లిన గుడ్ల వాసన. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, మనిషే పడిపోతాడు. అద్దె షెడ్డులో ఆ పని వద్దు. పలకలు కొను. అరగదీయడం, పాలిష్, కోటింగు, ఫ్రేములో బిగించడం, ఈ నాలుగింటిలో పేరు తెచ్చుకో. బాలాపూర్‌లో ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ వాళ్లు పారదర్శక సిరామిక్స్ మీద చాలాకాలంగా పనిచేస్తున్నారు. నీ థీసిస్ పట్టుకుని వెళ్లి కలువు. వాళ్ల దగ్గర ఉన్న యంత్రాన్ని మళ్లీ నువ్వు కొనడం దండగ.

ఫ్రేము సంగతి నేను చెప్పాలి, ఎందుకంటే దాని దెబ్బ నేను తిన్నాను. ఇరవై ఏళ్ల పైమాట. బాలానగర్ షెడ్డులో ఆరు సెన్సార్ కిటికీలు అల్యూమినియం ఫ్రేముల్లో అతికించి పంపాను. డ్రాయింగులో అన్నీ సరిపోయాయి. చలి పరీక్షలో మైనస్ 40 దగ్గర నాలుగు పగిలాయి. డిగ్రీకి పది లక్షల్లో అల్యూమినియం 23 వంతులు ముడుచుకుంటే జింక్ సల్ఫైడ్ 7 వంతులే ముడుచుకుంటుంది. వంద మిల్లీమీటర్ల కిటికీకి గది వేడి నుంచి మైనస్ 40 దాకా వచ్చేసరికి తేడా మిల్లీమీటర్లో పదో వంతు. వెంట్రుక మందం కన్నా కాస్త ఎక్కువ, అంతే. జిగురు పొర పల్చగా ఉంటే లోపల అద్దం నలుగుతుందన్న మాట మేం ఎవరం ఆలోచించలేదు. పగిలిన ముక్క ఒకటి నా టేబుల్ సొరుగులో ఇప్పటికీ ఉంది. జిగురు మందం లెక్కకట్టి పెట్టు, మెత్తటి సిలికాన్ వాడు, టైటానియం ఫ్రేము ఖరీదు కూడా అడిగి చూడు.

అందుకే అంటున్నా, పరీక్షలకు బడ్జెట్ సగం పక్కన పెట్టు. నువ్వు పది శాతం రాశావు. సైన్యానికి ఇచ్చే పరికరాల పరీక్షల ప్రమాణం జేఎస్ఎస్ 55555 తెప్పించుకుని కూర్చుని చదువు. కంపనం, ఉప్పు పొగమంచు, తేమ, వేడి-చలి చక్రాలు అన్నీ అందులో ఉంటాయి. ప్రతి పరీక్షకూ రెండేసి కిటికీలు అదనంగా చెయ్యి. ఫెయిలైనది దాచకు, ఫోటో తీసి రిపోర్టులో పెట్టు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేవాళ్లు పగిలిన ముక్కను చూసి భయపడరు. అన్నీ పాసైన కాగితాన్ని చూస్తేనే అనుమానిస్తారు.

ఇక డబ్బు. 2018లో రక్షణ శాఖ స్టార్టప్ పథకం ఐడెక్స్ వచ్చాక చిన్నవాళ్లకు తలుపు తెరుచుకుంది. మా రోజుల్లో అది లేదు. మామూలు గ్రాంటు గరిష్ఠంగా కోటిన్నర, అందులోనే ప్రైమ్ అనే విభాగం కింద పది కోట్లు, అదితి అనే విభాగం కింద పాతిక కోట్ల దాకా. అయితే వాళ్లు ఇచ్చినదానికి తగ్గట్టు నీ వంతు నువ్వు పెట్టాలి. ఆ మాట రిపోర్టులో ఎక్కడా లేదు. డీఆర్‌డీఓ వాళ్ల సాంకేతిక అభివృద్ధి నిధి టీడీఎఫ్‌లో ఖర్చులో 90 శాతం దాకా వస్తుంది, పరిమితి యాభై కోట్లు. రెండింటిలోనూ డబ్బు మైలురాళ్ల లెక్కన వస్తుంది, జీతాలు మాత్రం ఒకటో తారీఖునే ఇవ్వాలి. అదితికి ఇప్పుడే పోకు. చిన్న గ్రాంటు తీసుకుని పని పూర్తిచేసి చూపించు.

ప్రోటోటైప్ బాగుందన్నాక ఆర్డరు వచ్చేదాకా ఒక ఎడారి ఉంటుంది. ఏడాది కావచ్చు, మూడేళ్లు కావచ్చు. నన్ను ఒక ఆఫీసు పధ్నాలుగు నెలలు తిప్పింది, ఫైలు కదలక. ఆ పధ్నాలుగు నెలలూ వైద్య పరికరాలకు జాబ్ వర్క్ చేసి కూలీలకు జీతాలిచ్చాను. నీకూ అలాంటి రెండో గిరాకీ ఉండాలి. ఫ్యాక్టరీల్లో వేడి చూసే థర్మల్ కెమెరాలకూ ఇవే కిటికీలు కావాలి, అడిగి చూడు. చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో డబ్బివ్వాలని 2006 చట్టం చెబుతుంది, ఆలస్యమైతే వడ్డీ కూడా. చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు ముందే చేయించుకో. చట్టం చూపించి పోట్లాడే రోజు రాకపోతే మంచిదే, కాగితం మాత్రం దగ్గరుండాలి.

ఇంకొక్కటి. నీ అమెరికా స్నేహితుడు శాంపిల్ పంపమన్నాడని రాశావు. పంపకు. ఇలాంటి వస్తువులు, డ్రాయింగులు ఎగుమతికి అనుమతి కావాల్సిన సున్నిత వస్తువుల జాబితా స్కోమెట్‌లో పడితే ప్రభుత్వ అనుమతి లేకుండా ఈమెయిల్‌లో పంపినా ఎగుమతే. ముందు జాబితా చూసి, అడగాల్సినవాళ్లను అడుగు. లింక్డిన్‌లో ల్యాబ్ ఫోటోలు కూడా తీసెయ్. వెనక బల్ల మీద ఏం కనిపిస్తోందో నీకన్నా చూసేవాళ్లకు బాగా తెలుస్తుంది.

ఆదివారం రా. కొత్త డ్రాయింగు ఒక్కటే తీసుకురా, ల్యాప్‌టాప్ వద్దు. టాలరెన్సులు, అంటే కొలతల్లో ఎంత తేడా పనికొస్తుందో, కాగితం మీద పెన్సిల్‌తో దిద్దుదాం. కోణాల్లో చిన్న తేడాలు కొలిచే నా పాత ఆటోకొలిమేటర్ గుడ్డ కప్పి పెట్టి ఉంది, లెన్సు శుభ్రం చేసి ఉంచుతాను, తీసుకెళ్లు. మీ నాన్నను కూడా వెంటబెట్టుకురా. గ్రాంటుకు ఎదురు నీ వంతు డబ్బు ఎంత కావాలో ఆయన ముందే లెక్క వేద్దాం.

మీ పెదనాన్న