లైనక్స్‌కి మారిస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర హోల్‌సేల్ కిరాణా. ఊళ్లలో ఉన్న చిన్న షాపుల వాళ్లు ఆర్డర్ పెట్టుకోడానికి ఒక వెబ్‌సైట్ ఉంది, కోడ్ పీహెచ్‌పీలో, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో. ఇన్నాళ్లూ విండోస్ సర్వర్ మీద బాగానే నడిచింది, ఖర్చు తగ్గుతుందని ఉబుంటు అనే లైనక్స్‌కి మార్చాం. ఇప్పుడు మొదటి పేజీ వస్తోంది గానీ సరుకుల లిస్టు నొక్కితే టేబుల్ లేదంటోంది, సగం ఫోటోలు రావట్లేదు, వచ్చిన చోట తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలే. దసరా ఆర్డర్లు దగ్గరపడుతున్నాయి, ఏం చెయ్యాలి?

జవాబు: ముందు ఒక్క మాటండీ, పాత విండోస్ మెషిన్‌ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ఫార్మాట్ కొట్టేస్తే మాత్రం నేను చెప్పేవేవీ పనికిరావు.

టేబుల్ లేదనడానికి కారణం చిన్నదే. విండోస్‌లో మైఎస్‌క్యూఎల్ టేబుల్ పేర్లని చిన్న అక్షరాల్లోకి మార్చి దాచుకుంటుంది, మీ కోడ్‌లో పెద్ద అక్షరంతో 'ఐటమ్స్' అని రాసినా పట్టించుకోదు, లైనక్స్‌లో అవి రెండూ వేరు వేరు పేర్లు. దీనికి ఒక సెట్టింగ్ ఉంది గానీ మైఎస్‌క్యూఎల్ 8లో దాన్ని మొదటిసారి డేటాబేస్ తయారుచేసేటప్పుడే పెట్టాలి, తర్వాత కుదరదు, అందుకని కోడ్‌లోనే పేర్లన్నీ చిన్న అక్షరాలు చేసెయ్యడం మేలు. ఫోటోల గొడవా ఇదే, ఫైల్ పేరు చివర జేపీజీ అని పెద్ద అక్షరాల్లో, కోడ్‌లో చిన్న అక్షరాల్లో. రావట్లేదని ఫోల్డర్‌కి 777 పర్మిషన్, అంటే ఎవరైనా మార్చేసే హక్కు, ఇచ్చేస్తుంటారు చాలామంది, దయచేసి ఆ పని చెయ్యకండి, 755 చాలు, అందులో ఓనర్ తప్ప మిగతావాళ్లు చూడగలరు గానీ మార్చలేరు.

అసలు భయపడాల్సింది తెలుగు విషయంలో. స్క్రీన్ మీద ప్రశ్నార్థకం కనిపించినంత మాత్రాన డేటా పోయినట్టు కాదు. కొత్త సర్వర్‌లో ఒక సరుకు పేరుని మైఎస్‌క్యూఎల్‌లోని హెక్స్ ఫంక్షన్‌తో చూడండి, లోపల దాచిన బైట్లని అది కోడ్‌గా చూపిస్తుంది. ఈ0బీ0, ఈ0బీ1 అని మొదలయ్యే ముక్కలు వరసగా వస్తే మీ కందిపప్పు లోపల క్షేమంగా ఉంది, తెలుగులో అక్షరమైనా గుణింతం గుర్తయినా ఒక్కోటీ మూడు బైట్లు, అలాగే ఉంటుంది. పీహెచ్‌పీ కనెక్షన్‌లో క్యారెక్టర్ సెట్, అంటే అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి, యూటీఎఫ్8ఎంబీ4 అని పెడితే సరిపోతుంది. అలా కాకుండా 3ఎఫ్ 3ఎఫ్ 3ఎఫ్ అని వస్తే అవి నిజంగా ప్రశ్నార్థకాలేనండీ, ఆ పేర్లు ఇక అక్కడినుంచి వెనక్కి రావు, మళ్లీ పాత మెషిన్ నుంచే డంప్, అంటే డేటాబేస్ మొత్తం ఒక ఫైల్‌గా, తీసుకోవాలి.

డంప్ తీసేటప్పుడు విండోస్‌తో పాటు వచ్చే పవర్‌షెల్ అనే కమాండ్ విండోలో బాణం గుర్తు (>) పెట్టి ఫైల్‌లోకి పంపకండి, అది యూటీఎఫ్16 అనే వేరే పద్ధతిలో రాసేస్తుంది, ఎక్కించేటప్పుడు గొడవ. డంప్ తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ కమాండ్‌కి రిజల్ట్-ఫైల్ అనే ఆప్షన్ ఉంది, అది వాడండి, తీశాక ఆ ఫైల్ నోట్‌ప్యాడ్‌లో తెరిచి మినప్పప్పు మినప్పప్పులాగే కనిపిస్తోందా అని మీ కళ్లతో చూసుకుని అప్పుడు ఎక్కించండి, టేబుళ్లు కూడా యూటీఎఫ్8ఎంబీ4లోనే ఉండాలి.

ఇంకోటి, కొత్త సర్వర్ టైమ్ యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉండొచ్చు, అంటే మనకన్నా 5:30 గంటలు వెనక, పొద్దున్నే 5కి వచ్చిన ఆర్డర్ నిన్నటి తేదీలో పడుతుంది, టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా పెట్టించండి. ఆఖరి డంప్ మాత్రం రాత్రి షాపు మూశాక, పాత సైట్‌లో ఆర్డర్లు ఆపేసి తియ్యండి, లేకపోతే మధ్యలో పెట్టిన వాళ్ల సరుకు లెక్కలోకి రాదు.