కరోనాలో పొదుపు పెరిగిందా? గోల్డ్ లోన్ కౌంటర్ దగ్గర కూర్చున్నవాడి జవాబు

ప్రశ్న: "కరోనా ఏడాదిలో కుటుంబాల పొదుపు పెరిగిందని రిజర్వు బ్యాంకు లెక్కలు చెబుతున్నాయి. మరి అందరూ అప్పులపాలయ్యామంటారేం? ప్రభుత్వాలూ బ్యాంకులూ మాత్రం ఎలా నిలబడ్డాయి?"

రెండూ నిజమేనండి. 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా కుటుంబాల ఆర్థిక పొదుపు జీడీపీలో 21 శాతానికి చేరిందని రిజర్వు బ్యాంకే రాసింది. జీతం ఆగనివాళ్లకు ఖర్చు పెట్టే దారి లేదు. పెళ్లిళ్లు లేవు, సినిమాల్లేవు, తిరుపతి లేదు, బట్టల షాపులు మూత. డబ్బు ఖాతాలోనే ఉండిపోయింది. పైగా ఆ మూడు నెలల్లో జీడీపీ దాదాపు 24 శాతం పడిపోయింది. భాగహారంలో కింది అంకె అంతలా తగ్గితే శాతం ఎగరక ఏం చేస్తుంది? జీతం ఆగినవాళ్ల సంగతి ఆ 21లో కనబడదు. వాళ్లు నా కౌంటర్ దగ్గర కనబడ్డారు.

నేను ఆ రెండేళ్లూ ఖమ్మంలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు బ్రాంచిలో ఉన్నాను, ఎక్కువగా గోల్డ్ లోన్ల దగ్గరే. అక్కడ కూర్చుని చూసినవాడిగా చెప్తున్నాను: బ్యాంకుల్నీ, ప్రభుత్వాల్నీ నిలబెట్టింది కేంద్రం ప్రకటించిన ఇరవై లక్షల కోట్ల ప్యాకేజీ కాదు. ఆడవాళ్ల ఒంటి మీది బంగారం. ఎకనామిక్స్ చదివినవాళ్లు ఒప్పుకోరు. పోనీండి.

2020 ఆగస్టు 6న రిజర్వు బ్యాంకు ఒక వెసులుబాటు ఇచ్చింది. అప్పటిదాకా బంగారం విలువలో 75 శాతం వరకే అప్పు ఇవ్వాలి. వ్యవసాయం కాని అవసరాలకు దాన్ని మరుసటి మార్చి ఆఖరు దాకా 90 శాతం చేసింది. సరిగ్గా ఆ వారమే బంగారం పది గ్రాములు 56 వేల దాకా వెళ్లింది. ఇక చూడండి, పొద్దున షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద జనం. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పర్సు, పర్సులో దూదిలో చుట్టిన వస్తువు.

ఆ రోజుల్లోనే ఒక ప్రైవేటు స్కూలు తెలుగు మాస్టారు భార్యతో కలిసి వచ్చారు. మార్చి నెల జీతం సగం ఇచ్చారట, ఏప్రిల్ నుంచి అదీ లేదు. ఆన్‌లైన్ క్లాసులు మాత్రం చెప్పించుకుంటున్నారు. ఆవిడ కవరేమీ తేలేదు. తేవాల్సినవి చేతులకే ఉన్నాయి, నాలుగు గాజులు. పెళ్లినాటివి. బంగారం నాణ్యత చూసే అప్రైజర్ అడిగితే తీయబోయింది, రాలేదు. మనిషి కాస్త ఒళ్లు చేశాక గాజులు అలాగే బిగిసిపోతాయి. కౌంటర్ మీద శానిటైజర్ సీసా ఉంటే దాన్నే చేతి మీద కొట్టుకుంది. అది రెండు క్షణాల్లో ఆరిపోయింది. మా అటెండర్ బాత్రూమ్ నుంచి సబ్బు, చెంబుతో నీళ్లు తెచ్చాడు. బొటనవేలు లోపలికి మడిచి, పళ్లు బిగించి, ఒక్కొక్కటే లాగింది. మాస్కులో నుంచి మూలుగు వినబడుతూనే ఉంది. మాస్టారు గోడ మీది క్యాలెండర్ వంక చూస్తున్నారు.

అప్రైజర్ గాజుల్ని గీటురాయి మీద రాసి, యాసిడ్ చుక్క వేసి, తూకం వేశాడు. "బాగానే ఉన్నాయమ్మా, లోపల లక్క నింపలేదు" అన్నాడు. లక్ష తొంభై వేల దాకా వస్తుందని లెక్క చెప్పాను. మాస్టారు "అంతా ఇచ్చేయండి సార్" అన్నారు. ఆవిడ వెంటనే "ఏమండీ, ఎంత వస్తుందో అంత వద్దు. ఎంత కావాలో అంతే తీసుకుందాం. విడిపించాల్సింది మనమే కదా" అంది. ఇద్దరూ అక్కడే నిలబడి గుసగుసలాడుకున్నారు. చివరికి లక్షా పదివేలు రాయించుకున్నారు. ఆర్థిక మంత్రిత్వ శాఖలో ఆవిడ లాంటివాళ్లు నలుగురుంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

ఆ లక్షా పదివేలు ఎందుకో చెప్పాలి. ఆయనకు హోమ్ లోన్ ఉంది. మార్చి 27న రిజర్వు బ్యాంకు మూడు నెలలు కిస్తీ కట్టక్కర్లేదంది, మే 22న ఇంకో మూడు నెలలు పొడిగించింది. కట్టక్కర్లేదన్నారే గానీ వడ్డీ ఆపుతామని ఎవరూ అనలేదు. ఆ మాట మాత్రం మెసేజ్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆయనకు ఎనిమిది లక్షల బాకీ, ఎనిమిదిన్నర శాతం వడ్డీ అనుకోండి. నెలకు 5,667 రూపాయలు. ఆరు నెలలకు 34 వేలు. కట్టకపోతే వడ్డీ మీద వడ్డీ ఇంకో ఆరు వందలు. సెప్టెంబరు నుంచి కిస్తీ మళ్లీ మొదలు, జీతం మాత్రం మొదలు కాలేదు. అందుకని గాజులు.

సుప్రీంకోర్టులో నెలల తరబడి వాదనలు జరిగింది ఎక్కువగా ఆ చివరి ఆరు వందల గురించే. టీవీల్లో "రుణగ్రహీతలకు భారీ ఊరట" అని స్క్రోలింగ్. రెండు కోట్ల లోపు అప్పులకు వడ్డీ మీద వడ్డీని కేంద్రం భరించి, 2020 నవంబరులో ఖాతాల్లో వేసింది. మాస్టారు లాంటివాళ్లకు పడింది ఆరు వందల చిల్లర. 34 వేలు అలాగే ఉన్నాయి. కిస్తీ పెంచకుండా గడువు పెంచారు కాబట్టి చాలామందికి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.

బ్యాంకుల సంగతికొస్తే, 2020 జులైలో రిజర్వు బ్యాంకు నివేదిక, మొత్తం అప్పుల్లో మొండి బకాయిలు ఎనిమిదిన్నర శాతం దగ్గర నుంచి 2021 మార్చికల్లా పన్నెండున్నరకు పోవచ్చని భయపెట్టింది. తీరా చూస్తే ఏడున్నర దగ్గరే ఆగాయి. మా పైవాళ్లు దాన్ని తమ ఘనతగా చెప్పుకున్నారు. చిన్న పరిశ్రమలకు కేంద్రం హామీతో, అప్పటికే ఉన్న బాకీలో ఇరవై శాతం అదనంగా అప్పిచ్చే స్కీము వచ్చింది కదా, అప్పుడు మాకు టార్గెట్లు. అవసరం లేనివాళ్లకు కూడా ఫోన్ చేసి "తీసుకోండి సార్" అని బతిమాలాం. తీసుకున్నవాడు దాంతోనే పాత కిస్తీ కట్టాడు. బాకీ మంచిదైపోయింది! ఇక గోల్డ్ లోన్ అంటారా, అది సులువుగా మునిగే అప్పు కాదు. అందుకే అందరికీ ముద్దు. వ్యాపారానికి లోన్ అడిగితే మూడేళ్ల ఐటీ రిటర్నులు అడిగే బ్యాంకు, మెడలో గొలుసుంటే అరగంటలో డబ్బిస్తుంది.

ఇక ప్రభుత్వాలు. లాక్‌డౌన్ పెట్టిన వారానికే ఖజానాలు ఖాళీ అయ్యాయి. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ మార్చి జీతాలు ఉద్యోగులకు సగమే ఇచ్చారు, నాలుగో తరగతి వాళ్లకు పది శాతం కోశారు. మా నాన్నగారు నందిగామలో ఉంటారు, రిటైర్డ్ టీచరు. ఆయన పెన్షన్ కూడా సగమే పడింది. ఆంధ్రలో ఒక రిటైర్డ్ జడ్జిగారు హైకోర్టుకు వెళ్తే, ఆపిన డబ్బు 12 శాతం వడ్డీతో ఇవ్వమంది కోర్టు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లి 2021 ఫిబ్రవరిలో దాన్ని ఆరు శాతానికి దించుకుంది. అయినా నయమే, అప్పట్లో ఎఫ్‌డీ మీద అంత కూడా రాలేదు.

ఆదాయం ఎక్కడి నుంచి తేవాలి? ముందు గుర్తొచ్చింది మందు. 2020 మే 4న ఆంధ్రలో షాపులు తెరిచారు. మొదటి రోజు ధర 25 శాతం, మర్నాడు మరో 50 పెంచి మొత్తం 75 చేశారు. రెండు రోజులకు తెలంగాణ తెరిచి 16 శాతంతో సరిపెట్టింది. తేడా అంత ఉంటే ఏమవుతుందో ఆంధ్ర సరిహద్దులోని జగ్గయ్యపేట వాళ్లను అడగండి, ఖమ్మం జిల్లా వైన్ షాపులకు ఎన్ని బైకులొచ్చాయో వాళ్లే చెబుతారు. అదే వారం కేంద్రం రాత్రికి రాత్రి పెట్రోలు మీద పది రూపాయలు, డీజిలు మీద పదమూడు సుంకం వేసింది. అంతకు రెండు వారాల ముందే అమెరికాలో ముడిచమురు ధర సున్నా కిందికి పోయింది. ఆ లాభం మనకు బంకు దగ్గర కనబడలేదు, బడ్జెట్‌లో కనబడింది. అంత పిండినా కేంద్రం లోటు పూడలేదు. జీడీపీలో మూడున్నర శాతమనుకున్నది 9.2 దగ్గర తేలింది.

రాష్ట్రాలకు జీఎస్టీ పరిహారం ఇవ్వాల్సింది కేంద్రం. కేంద్రమేమో కరోనా నష్టం "దైవఘటన" అని, అప్పు తెచ్చి రాష్ట్రాలకు అప్పుగా సర్దింది. రాష్ట్రాల అప్పు పరిమితి రాష్ట్ర జీడీపీలో మూడు నుంచి ఐదు శాతానికి పెంచారు గానీ, అందులో చాలా భాగానికి షరతులు: ఒకే దేశం ఒకే రేషన్, కరెంటు సంస్కరణలు, పట్టణాల్లో ఇంటిపన్ను. ఆంధ్రలో ఆస్తి విలువను బట్టి ఇంటిపన్ను వేయడం ఆ షరతు చలవే. జనం మాత్రం మున్సిపాలిటీ వాళ్లను తిట్టారు.

ఇన్ని అప్పులు ఇంత చౌకగా ఎలా పుట్టాయి? దాచుకున్నవాళ్ల వడ్డీ కోసి. రెపో రేటును, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీని, 2020 మార్చిలో, మేలో దించి నాలుగు శాతం చేశారు, 2022 మే దాకా కదపలేదు. ధరలేమో ఆరు శాతం చొప్పున పెరుగుతున్నాయి. ఐదేళ్ల ఎఫ్‌డీకి 5.4, సేవింగ్స్ ఖాతాకు 2.7. మా నాన్నగారి సీనియర్ సిటిజన్ స్కీము ఆ ఏడాదే మెచ్యూర్ అయింది. మళ్లీ వేద్దామంటే, 2020 మార్చి దాకా 8.6 ఉన్నది 7.4 అయింది. పది లక్షల మీద నెలకు వెయ్యి రూపాయలు పోయినట్టే, అంటే ఆయన బీపీ, షుగర్ మాత్రల డబ్బు. అదే సమయంలో హైదరాబాద్‌లో ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఏడు శాతం లోపు వడ్డీకి రెండో ఫ్లాట్ కొన్నారు.

2021 మార్చి 31 రాత్రి చిన్న పొదుపుల వడ్డీ మళ్లీ కోస్తూ ఉత్తర్వు వచ్చింది. పీపీఎఫ్ 7.1 నుంచి 6.4కి. తెల్లారేసరికి ఆర్థిక మంత్రి గారు అది పొరపాటున వెలువడిందని ట్వీట్ చేసి వెనక్కి తీసుకున్నారు. బెంగాల్లో పోలింగ్ జరుగుతోంది లెండి. మా నాన్నగారు ఫోన్లో "ఇవాళ ఏప్రిల్ ఒకటి కదరా, ఆవిణ్ని ఎవరో ఆటపట్టించి ఉంటారు" అన్నారు.

సెకండ్ వేవ్ ఇంకో రకం. మొదటి ఏడాది కిస్తీల కోసం వచ్చినవాళ్లు, 2021 మేలో ఆసుపత్రి అడ్వాన్సుల కోసం వచ్చారు. కూర్చునే ఓపిక లేదు, ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఆ సమయంలోనే మా అప్రైజర్‌కు పాజిటివ్ వచ్చింది. బ్రాంచికి ఆయనొక్కడే. ఆయన లేకపోతే గోల్డ్ లోన్ లేదు. "వీధి చివర ఫైనాన్స్‌కు వెళ్లండి" అని చెప్పి పంపాల్సి వచ్చింది. అక్కడ వడ్డీ ఎంతో నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు.

ఇంతలో బంగారం 2021 మార్చికి 45 వేల దగ్గరికి దిగిపోయింది. ఆగస్టులో 90 శాతానికి తీసుకున్నవాళ్లకు అసలూ వడ్డీ కలిపితే వస్తువు విలువ దాటిపోయింది. ఆ ఏడాది పేపర్ల జిల్లా పేజీల్లో వేలం ప్రకటనలు చూశారా? పేజీ పేజీ ఖాతా నంబర్లే. మాస్టారి భార్య ఆ రోజు తక్కువ రాయించుకోబట్టి ఆ జాబితాలోకి రాలేదు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆయన ఆ రెండు వేలూ తెచ్చి గోల్డ్ లోన్ వడ్డీకే జమ చేసుకున్నారు. అంటే ప్రభుత్వం ఆయనకిచ్చిన సాయం మా బ్యాంకు ఆదాయంలో తేలింది. మీరడిగిన ప్రభుత్వం, బ్యాంకు, ఇల్లు, మూడూ ఒకే ఓచరు మీద కనబడ్డాయి నాకు.

మీరు చూసిన గ్రాఫును 2020 జూన్ దగ్గర ఆపకండి. 2022-23కి అదే ఆర్థిక పొదుపు జీడీపీలో ఐదు శాతం దగ్గరికి పడింది. జనం ఇళ్లూ వాహనాలూ కొంటున్నారు, అందుకే అప్పులు పెరిగాయని ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది. కొనేవాళ్లు కొంటున్నారు, కాదనను. మా కౌంటర్ దగ్గర మాత్రం కరోనాలో పెట్టిన బంగారాన్ని ఏటా వడ్డీ కట్టి తిరగరాసుకుంటున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తర్వాత నిబంధనలు బిగించినప్పుడు, అసలు మొత్తం కట్టి లోన్ మూసేసి కొత్తగా పెట్టుకోమన్నాం. లక్ష రూపాయలు ఒక్క పూటకు ఎవరిస్తారు? బ్రాంచి ఎదురుగా టీ కొట్టు దగ్గర ఇచ్చేవాళ్లు తయారయ్యారు. పొద్దున ఇచ్చి, సాయంత్రం కొత్త లోన్ డబ్బు పడగానే తీసుకునేవారు. దానికి వెయ్యి రూపాయలు తీసుకున్నారని ఒకావిడ చెప్పింది. మా మేనేజర్‌కు చెబితే, "మన ఆవరణలో కాదు కదా" అన్నారు.