ఒక్కరికి గది, ఇద్దరి డబ్బు ఎందుకంటే

అక్కా, తిరుపతి నుంచి ఒక్కరే క్రూజ్‌కి వెళ్దామంటే ఏజెంటు ఇద్దరి డబ్బు అడుగుతున్నాడని రాశారు కదా, అది మోసం కాదు. ఓడలో గది రేటు ఇద్దరుంటారన్న లెక్కతో మనిషికింత అని వేస్తారు, ఒక్కరే ఉంటే ఆ రెండో మనిషి భాగం కొంతో, ఒక్కోసారి మొత్తమో మన మీదే పడుతుంది. దీన్నే సింగిల్ సప్లిమెంట్ అంటారు. అందుకే ఏజెంటుని పోర్టు చార్జీలు, టిప్పులు కలిపి ఒక్కరికి చివరికి ఎంతవుతుందో రాసివ్వమనండి. కొన్ని పెద్ద ఓడల్లో ఒక్కరి కోసమే కట్టిన స్టూడియో గదులున్నాయి, నార్వేజియన్ ఎపిక్ అనే ఓడలో 2010 నుంచే ఉన్నాయి, కానీ అవీ అన్నిసార్లూ చవకేం కాదు.

చెన్నై నుంచి బయల్దేరేది దొరికితే ఫ్లైట్ ఖర్చు మిగులుతుంది. ఎంత దగ్గరైనా ఆ రోజు పొద్దున బస్సెక్కుదాంలే అనుకోకండి, ముందురోజే చేరండి. సింగపూర్‌లో ఎక్కి వేరే దేశం చూసి మళ్లీ అక్కడే దిగేదైతే సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీనో, అంటే ఒకటికన్నా ఎక్కువసార్లు లోపలికి రానిచ్చేదో కాదో చూసుకోండి.

ఒక్కరే కూర్చుని తినాలనే టెన్షన్ వదిలేయండి, షేరింగ్ టేబుల్ అడిగితే చాలా ఓడల్లో కుదురుస్తారు. ఫోన్ మాత్రం ఎక్కగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, సముద్రంలో రోమింగ్ బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి.