రబ్బరు వేషం తయారు చేయబోయే అల్లుడికి

నల్లగొండ

అల్లుడా,

రాచకొండ గుట్టల్లో తీసే మీ చిన్న సినిమా కోసం ఉడుము మనిషి తల గీసి పంపినవు. బొమ్మ బాగుంది. కానీ అందరి లెక్కనే నువ్వు గూడ ముఖం కాడనే మొదలుపెట్టినవు. రబ్బరు వేషం చెడేది ముఖం కాడ గాదు. చంకల్లో, గజ్జల్లో, మోకాలి వెనక చెడుతది. అక్కడ చినిగితే ఎంత మంచి తల ఉన్నా కెమెరా ముందుకు రానియ్యరు. అందుకే తల పని ఆఖరుకు పెట్టుకో.

వేషం ఎవరు కడుతరో ముందు ఖాయం చెయ్యి. ఒకరి కొలతకు చేసింది ఇంకొకరికి పట్టదు. ఆయనకు పాత టీషర్టు, ప్యాంటు తొడిగి, పైన డక్ట్ టేపు రెండు మూడు వరసలు చుట్టు. రొమ్ము మీద బిగువుగ చుట్టకు, ఊపిరి ఆడదు. అరగంటలో వెన్ను మీద నిలువుగ కత్తిరించి విప్పాలె. ఆ కోత మళ్ళీ అతికించి, లోపల గడ్డి కుక్కి, నడుమ పీవీసీ పైపు నిలబెడితే బొమ్మ తయారు. మిర్యాలగూడ పక్కన ఉండి గడ్డికి వెతుక్కునే పని లేదుగదా. బొమ్మకు కాళ్ళూ చేతులూ కలిసిన లైక్రా సూటు తొడుగు. ఇంక పనంతా దాని మీదనే.

కండలకు పరుపుల షాపులో దొరికే స్పాంజి చాలు. రొమ్ముకు, తొడలకు అంగుళం మందం, మిగతా చోట్ల అరంగుళం. ప్రతి ముక్క అంచునూ కత్తెరతో ఏటవాలుగ సున్నా దాకా దించు. లేకుంటే పైన తోలు వేసినంక గూడ మెట్టు కనపడుతది. కీలు కాడ స్పాంజి పెట్టనే వద్దు, మూడు వేళ్ళ ఖాళీ వదులు. మోచెయ్యి మడిచినప్పుడు రెండు కండలు ఒకదానికొకటి ఆనాలె, ఒకదాన్నొకటి నెట్టొద్దు. అతికించేటందుకు ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి రబ్బరు గమ్ము తీసుకో. రెండు దిక్కులా పూసి, వేలికి అంటనంత ఆరినంకనే అదుమాలె. తడి మీద అతికిస్తే మరునాటికి ఊడుతది. తలుపులు తెరిచి పెట్టు, దగ్గర్ల పొయ్యి ఉండొద్దు.

ఇంక రబ్బరు పాలు, అదే లేటెక్స్. ప్రీ-వల్కనైజ్డ్ అని అడిగి తెచ్చుకో, అంటే ఆరినంక బలం వచ్చేటట్టు ముందే తయారు చేసినయి. పచ్చి పాలు ఆరినంక గూడ జిగటగ, బలం లేకుండ ఉంటయి. మామూలుగ వీటిలో 60 శాతం దాకా రబ్బరు, మిగిలింది నీళ్ళు, పాలు గడ్డకట్టకుండ కాస్త అమోనియా. మూత తెరవంగనే ముక్కు పగిలే వాసన దానిదే. ఒంటికి 6 నుంచి 8 కిలోలు పడుతది. 8 కిలోలు పూస్తే ఆరినంక దగ్గర దగ్గర 5 కిలోల రబ్బరు మనిషి మీద వేలాడుతది. ఇంకో పూత వెయ్యాలని చెయ్యి లాగినప్పుడల్లా ఈ లెక్క గుర్తు చేసుకో.

మన దగ్గర ఎక్కువ మంది పాడుచేసుకునేది నీళ్ళ కాడ. పాలు చిక్కగున్నయని బోరు నీళ్ళు కలుపుతరు, కాసేపటికి పెరుగు ముద్దలు. నల్లగొండ నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడే యాదికొస్తది గానీ, రబ్బరు పాలకు శత్రువు నీళ్ళలో ఉండే సున్నపు ఉప్పు. కాల్షియం, మెగ్నీషియం తగిలితే రబ్బరు కణాలు ఒకదానికొకటి అంటుకుంటయి. పటిక వేసి తేర్చిన నీళ్ళు గూడ పనికిరావు, పటిక ఇంకా తొందరగ విరగ్గొడుతది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్ళు తెచ్చుకో. సీసా మీద చదివి తీసుకో సుమా, పక్కనే యాసిడ్ సీసాలు గూడ ఉంటయి, ఆమ్లం చుక్క పడ్డా పాలు గోవిందా. పాలు పల్చటి గుడ్డలో వడగట్టి, కావలసినంత చిన్న గిన్నెలోకి తీసుకుని, డబ్బా మూత వెంటనే బిగించు. ఎండాకాలంలో రేకుల షెడ్డులో పెట్టకు. అమోనియా ఎగిరిపోతే డబ్బాకు డబ్బా గడ్డకడుతది.

ఉడుము తోలుకు మన పాలమూరు సీతాఫలాన్ని మించింది లేదు. కాయ మీద పాలు నాలుగైదు పల్చటి పూతలు వేసి, ఆరినంక పౌడరు చల్లి ఒలుచు. ఆ రబ్బరు ముక్క లోపలి దిక్కున బుడిపెలన్నీ గుంటలుగ పడుతయి. అదే నీ ముద్ర. దాన్ని తడి బంకమట్టి పలక మీద అదిమితే మట్టిలో మళ్ళీ బుడిపెలు లేస్తయి. కాయనే నేరుగ మట్టిలో గుచ్చితే లెక్క తిరగబడుతది, ఆఖరుకు తోలు మీద గుంటలు వస్తయి. ఫలాల కాలం దాటితే కాకరకాయ వాడు, అది మెడకు, వేళ్ళకు ఇంకా బాగ నప్పుతది. పెద్ద బుడిపెలు వీపుకు, సన్నవి కీళ్ళ దిక్కు. మడత పడే చోట పెద్ద పొలుసు పెడితే అక్కడే పగులుతది.

ఆ మట్టి పలక మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొయ్యి. లీటరు నీళ్ళకు సుమారు 1.4 కిలోల పొడి. పొడిని నీళ్ళ మీద చల్లి, రెండు నిమిషాలు నాననిచ్చి, అప్పుడు మెల్లగ కలుపు. అచ్చు చెంపకు ఆనిస్తే చల్లగ తగలనంత దాకా ఆరాలె. నూనె, వాసెలిన్ లోపల పూయకు. ప్లాస్టర్ నీళ్ళు తాగితేనే రబ్బరు గోడకు పడుతది, నూనె ఉంటే తాగదు.

అచ్చు మీద పాలు బ్రష్షుతో పూయి. బ్రష్షును ముందే సబ్బు నీళ్ళల్లో ముంచితే రబ్బరు వెంట్రుకలకు పట్టదు. ఒక పూత తెలుపు పోయి తేనె రంగుకు తిరిగినంకనే తర్వాతి పూత. తెల్లటి మరక ఎక్కడున్నా లోపల నీళ్ళున్నట్టే. దాని మీద పూస్తే ఆ చోట జున్ను లెక్క మెత్తగ మిగిలి, లాగితే పుటుక్కున తెగుతది. నాలుగు నుంచి ఆరు పూతలు చాలు. ఒక్కో పూతను ముందు దాని కంటే కాస్త లోపలికే ఆపు, అంచు కాగితం లెక్క పల్చబడుతది. జిప్పు కుట్టే చోట మాత్రం పూతల నడుమ గాజుగుడ్డ పెట్టు. చంకల్లో పెట్టకు, గుడ్డ సాగదు. ఒలిచేముందు పౌడరు తప్పనిసరి, మరిస్తే తోలు దానికదే అంటుకుంటది, తర్వాత విడదీయలేవు.

ఈ తోళ్ళను గమ్ముతోనే స్పాంజి మీద అతికించు. పాలను నేరుగ స్పాంజికి పూస్తే అది పీల్చుకుని బరువెక్కి బిర్రబిగుస్తది. అతుకుల సందుల్లో దూది పోగులు నానబెట్టిన పాలు నింపి, తడి మీదనే ముద్రతో అద్దితే అతుకు కనపడదు. జిప్పు వెన్ను మీద, పొలుసుల వరస కింద దాచు. ప్లాస్టిక్‌దే వెయ్యి. ఇత్తడి జిప్పు, రాగి తీగ, ఇత్తడి బటన్లు రబ్బరును తినేస్తయి, కొన్నాళ్ళకు ఆ చోట జిగటపడి చివుకుతది.

తలకు ముందు, వెనక రెండు ముక్కల ప్లాస్టర్ అచ్చు. ఆరేటప్పుడు రబ్బరు 5 నుంచి 10 శాతం కుంచించుకుపోతది గనుక మట్టి తలను ఆ మేరకు పెద్దగ చెయ్యి. పాలు ఒక పక్క నుంచి సన్న ధారగ నింపి, బుడగలు పోయేటట్టు తట్టు. అచ్చు మూతి కాడ రబ్బరు గోడ మందం చూసుకుంట గంట, గంటన్నర ఉంచి వంపెయ్యి. వంపిన పాలు వడగట్టి మళ్ళీ వాడొచ్చు.

రంగు దగ్గర గోడల ఎమల్షన్ జోలికి పోకు. తోలు సాగుతది, అది సాగదు, ఎండిన చెరువు లెక్క నెర్రెలిస్తది. ఎనామిల్ ఇంకా పాపం, దాంట్లోని టర్పెంటైన్ రబ్బరును ఉబ్బిస్తది. రబ్బరు మీద రబ్బరు రంగే నిలుస్తది. పది వంతుల రబ్బరు పాలకు ఒక వంతు స్టైనరు, అంటే రంగుల షాపులో సీసాల్లో దొరికే చిక్కటి రంగు, కాస్త డిస్టిల్డ్ నీళ్ళు. ముందు ఒక్క చెంచాలో కలిపి అరగంట చూడు, విరిగితే ఆ సీసా పక్కన పెట్టు. తోలు మీది పౌడరు సబ్బు నీళ్ళతో కడగకుండ రంగేస్తే పొరలుగ లేస్తది. పాలు తెల్లగుంటయి గనుక తడిమీద రంగు లేతగ కనపడి, ఆరినంక ముదురుతది. అందుకని పాత తోలు ముక్క మీద ఆరబెట్టి చూసుకునే కలుపు.

ఉడుమును ఎప్పుడన్న దగ్గర్నుంచి చూసినవా? వీపు బూడిద, గోధుమ, కాస్త ఆకుపచ్చ కలిసిన మట్టి రంగు, పొట్ట పసుపు తిరిగిన తెలుపు. ముందు నడిమి రంగు స్పాంజి ముక్కతో ఒళ్ళంత అద్దు. తర్వాత నీళ్ళగ చేసిన ముదురు గోధుమ పూసి వెంటనే తుడువు, పొలుసుల సందుల్లో మాత్రం నిలుస్తది. ఆ మీద దాదాపు ఆరిన బ్రష్షుతో లేత రంగు బుడిపెల కొసల మీద తాకించు. కీళ్ళ కాడ బొమ్మ చెయ్యి మడిచి, చాపి రెండు తీర్లా రంగెయ్యి, లేకుంటే మడత విప్పంగనే తెల్ల గీత బయటపడుతది. మెరుపు కండ్లకు, ముక్కు రంధ్రాలకు, నోటికే.

షూటింగు మే నెలలో పెట్టుకున్నమన్నవు. నేనైతే ఒప్పుకోను. మన దిక్కు 43, 44 డిగ్రీలు కొడుతది, రాచకొండ బండలు వేడెక్కినంక ఆ సూటులో చెమట పోయే దారే ఉండదు. డిసెంబరుకు జరుపు. జరపలేకుంటే తెల్లారి 6 నుంచి 9 లోపల తియ్యండి. 15, 20 నిమిషాలకొకసారి తల విప్పించు. మూతిలో చిన్న కంప్యూటర్ ఫ్యాను పెట్టు. ఓఆర్ఎస్ పట్టుకుని ఒక మనిషి ఆయన పక్కనే ఉండాలె, ఆ మనిషికి వేరే పని చెప్పకు. కొంతమందికి రబ్బరు పడదు, ఒళ్ళు దద్దుర్లు లేస్తది, ఊపిరి గూడ ఆడకపోవచ్చు. కొలతలు తీసే రోజే అడుగు, ఇంతకు ముందు బెలూన్లతో, చేతి గ్లౌజులతో ఇబ్బంది వచ్చిందన్నా ఇంకొకర్ని చూసుకో.

తీసినంక లోపలి దిక్కు తిప్పి, పిల్లల సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టు. కొబ్బరినూనె, వాసెలిన్ ఏదీ తాకనియ్యకు. హ్యాంగరుకు వేస్తే బరువుకు భుజాలు సాగుతయి. పౌడరు చల్లి మళ్ళీ ఆ గడ్డి బొమ్మకే తొడిగి, చీకటి గదిలో నిలబెట్టి పైన నల్ల గుడ్డ కప్పు.

చంక ముక్క ఒకటి ముందు చేసి, వంద సార్లు మడిచి చాపి చూసి, ఏమైందో రాయి. అది నిలిస్తేనే మిగతా పాలు కొను.

నీ మామ