పిన్నిగారినడగండి: ముందు పిల్ల ప్లేటు రానివ్వండి

(బెజవాడలో భర్తతో కలిసి చాలా ఏళ్ళు భోజన హోటలు నడిపి, గల్లా దగ్గర కూర్చున్న పిన్నిగారు పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: పిన్నిగారూ, మా పాపకి ఇంకో రెండు నెలల్లో రెండేళ్ళు నిండుతాయి. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నరకి ఏసీ రెస్టారెంటుకి తీసుకెళ్ళాం. టేబుల్ దొరకడానికే అరగంట పట్టింది. బిర్యానీ వచ్చేలోపు పాప స్పూన్లు విసిరేసింది, కుర్చీలోంచి కిందికి జారింది, ఏడ్చి గోల చేసింది. పక్క టేబుల్ వాళ్ళు అదేపనిగా చూశారు. చివరికి మావారు ఫోన్ చేతికిచ్చారు. ఇంటికొచ్చాక మా అత్తగారు “ఐదేళ్ళొచ్చేదాకా దాన్ని హోటళ్ళకి తిప్పకండి” అన్నారు. అంతేనంటారా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అంతేం కాదమ్మా. ఐదేళ్ళదాకా హోటలు మొహమే చూడని పిల్ల ఐదో ఏట మాత్రం బుద్ధిగా ఎలా కూర్చుంటుంది? కాకపోతే ఆదివారం ఒకటిన్నర చంటిపిల్లలున్న వాళ్ళు వెళ్ళే వేళ కాదు. ఆ టైములో వంటింట్లో ఆర్డరు స్లిప్పులు గుట్టపడి ఉంటాయి, మాస్టరు ఎవరి మాటా వినిపించుకోడు. పన్నెండు కొట్టేసరికల్లా వెళ్ళి కూర్చోండి. రాత్రి పూటైతే ఏడులోపు. అప్పుడు సప్లయర్లు కూడా తీరిగ్గా ఉంటారు, పిల్లని పలకరిస్తారు.

నన్నడిగితే బిర్యానీ కొన్నాళ్ళు ఆగనీ. పొద్దుటి పూట టిఫిన్ హోటలుతో మొదలుపెట్టు. ఇడ్లీ ఎప్పుడూ వాయి దిగుతూనే ఉంటుంది, చెప్పిన రెండు నిమిషాల్లో ప్లేటు ముందుంటుంది. మీ అత్తగారినీ తీసుకెళ్ళు. ఆవిడ చేత్తో చల్లార్చి పెడితే పిల్ల తింటుంది, ఆవిడకీ కాఫీ దొరుకుతుంది, ఐదేళ్ళ మాట మళ్ళీ రాదు.

ఎక్కడికెళ్ళినా మెనూ తెరవకముందే పిల్లకి కావలసింది చెప్పెయ్యి. “ఇది ముందు తెచ్చెయ్ బాబూ, మా సంగతి తర్వాత” అను. చాలామంది స్టార్టర్లు, కూరలు, రోటీలు అన్నీ చెప్పాక ఆఖర్న “పాపకి కొంచెం పెరుగన్నం” అంటారు. అది ఆఖర్నే వస్తుంది మరి.

ఇంకో సంగతి, ఇది వంటింటి వైపు వాళ్ళకి మాత్రమే తెలిసేది. “కారం తక్కువ వేయండి” అని నువ్వు చెప్తే సప్లయర్ తలూపుతాడు. కానీ గ్రేవీ పొద్దున్నే గంగాళంతో తయారైపోయి ఉంటుంది, అందులో పడిన కారాన్ని మాస్టరు ఎక్కణ్ణించి తీస్తాడు? మహా అయితే కాస్త క్రీమ్ కలిపి పంపిస్తాడు. అందుకని అసలు కారమే తగలనివి అడగాలి. ముద్దపప్పు, నెయ్యి, వేడన్నం. కారప్పొడి వెయ్యని సాదా దోసె. పెసరట్టైతే పిండిలో మిర్చి రుబ్బలేదని కనుక్కుని, ఉల్లి, మిర్చి, అల్లం పైన వేయకుండా సాదాగా పొయ్యమని చెప్పు. దద్దోజనం కన్నా ఉత్త పెరుగూ అన్నం విడివిడిగా తెప్పించి నువ్వే కలుపుకోవడం మేలు, పోపులో మిరపకాయ ముక్క ఎక్కడ దాక్కుంటుందో చెప్పలేం. పొంగల్‌లో జీడిపప్పు, పులిహోరలో వేరుశనగ గుళ్ళు ఏరి పక్కన పెట్టెయ్యి. నాలుగేళ్ళు నిండేదాకా ఏ పప్పులూ గుళ్ళు గుళ్ళుగా పెట్టకూడదని పిల్లల డాక్టర్లు చెప్తారు. గొంతుకి అడ్డం పడతాయి.

టేబులు ఎంచుకోవడం మీద నాకు కాస్త పట్టింపు ఎక్కువ. వంటింటి తలుపు పక్కన మాత్రం కూర్చోవద్దు. సాంబారు బకెట్ చేత్తో పట్టుకుని సప్లయర్ ఆ తలుపుని భుజంతో తోసుకుని వస్తాడు. మోచేతి మీద మూడు ప్లేట్లు పేర్చుకున్నవాడికి మోకాలెత్తు పిల్ల కనబడదు. వాడు చూసి ఆగేలోపే పిల్ల కాళ్ళకి అడ్డం పడుతుంది. గోడవైపు కుర్చీ పిల్లకి, దారివైపు పెద్దవాళ్ళకి. కాఫీ గ్లాసు, రసం గిన్నె పిల్ల చెయ్యి చాచినా అందనంత దూరంలో ఉండాలి. పిల్లల ఎత్తు కుర్చీకి నడుం బెల్టు లేకపోతే దాని జోలికి పోవద్దు, ఒళ్ళో కూర్చోబెట్టుకో. మీ పాప జారిపోయిందన్నావు కదా, బెల్టు లేకో, ఉన్నా పెట్టకో అయ్యుంటుంది.

ఫోన్ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది రెండేళ్ళ లోపు పిల్లలకి తెర వద్దనే, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట దాటొద్దని. మీవారిని నేను తిట్టను, ఆకలితో ఉన్న మనిషి ఆ గోలలో అంతకన్నా ఏం చేస్తాడు? కానీ నోట్లో ముద్ద ఉన్నప్పుడు మాత్రం ఫోన్ వద్దే వద్దు. బొమ్మల్లో పడి నమలడం మర్చిపోతారు, ముద్ద బుగ్గన పెట్టుకుని అలాగే కూర్చుంటారు. దాని బదులు ఒకరు తింటుంటే ఇంకొకరు పిల్లని ఎత్తుకుని దోసెల పెనం దగ్గరికి నడవండి. చాలాచోట్ల ఇప్పుడు అద్దం అవతల కనబడుతుంది. మాస్టరు పెనం మీద నీళ్ళు చల్లగానే చుంయ్ మంటుంది, చీపురుతో ఒక తుడుపు తుడుస్తాడు, గరిటెడు పిండి పోసి గుండ్రంగా తిప్పుతాడు. మా హోటల్లో అది చూస్తూ ఏడుపు మానని పిల్లని నేనైతే చూడలేదు. రెండు దోసెలు అయ్యేసరికి మీలో ఒకరి భోజనం అయిపోతుంది.

పక్క టేబుల్ వాళ్ళ చూపులు వదిలెయ్యి. వాళ్ళలో సగం మంది మనవల్ని గుర్తుచేసుకుని చూస్తారు. నువ్వు పట్టించుకోవలసిన మనిషి క్లీనరు. టేబులు కింద పడిన మెతుకులన్నీ ఎత్తేది అతనే, టిప్పు మాత్రం అతని దాకా రాదు. బిల్లులో సర్వీస్ చార్జీ వేస్తే తీసేయమని అడగొచ్చు. అది తప్పనిసరిగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ ఆ మాటే నిలబెట్టింది. వినకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు. మిగిలిన ఆ డబ్బులు నేరుగా క్లీనరు చేతిలో పెట్టు. మళ్ళీ వెళ్ళినప్పుడు నీ టేబులు దగ్గరికి ముందు వచ్చేది అతనే, చూసుకో.

ప్రశ్న: మా బాబుకి మూడేళ్ళు. పుట్టినరోజుకి అందరం కలిసి హైదరాబాదు బార్కస్‌లో మండీ (మాంసంతో వండే అరబ్బుల అన్నం) తిందామంటున్నారు మా తమ్ముళ్ళు. చిన్నపిల్లాడితో ఫర్వాలేదా?
– ఒక తండ్రి, నల్లగొండ

జవాబు: నిక్షేపంగా వెళ్ళండి బాబూ. పసివాళ్ళతో వెళ్ళడానికి మండీ అంత సుఖమైన తిండి ఇంకోటి లేదు. కింద పరుపుల మీద కూర్చోవడమే కాబట్టి పడిపోతాడన్న భయం లేదు, కొన్నిచోట్ల తెర వేసిన గదులు కూడా ఉంటాయి. కారం బిర్యానీలో సగం కూడా ఉండదు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉండే పేట అది, ఆ వంట కూడా యెమెన్‌దే.

మాంసం మీరే వేళ్ళతో విడదీసి, ఎముక ముక్క లేదని తడిమి చూసి పెట్టండి. జీడిపప్పు, కిస్‌మిస్ తీసేయండి. పక్కన ఇచ్చే మయోనైజ్ బాబుకి వద్దు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాది పాటు నిషేధించింది కూడా. పుట్టినరోజు కదా అని పొగలొచ్చే బిస్కెట్లు, ఐస్‌క్రీములు ఎవరైనా తెప్పిస్తే దూరంగా ఉంచండి. ఆ పొగ ద్రవ నైట్రోజన్‌ది, నోరు, కడుపు కాలిపోతాయి.

ఎప్పుడైనా ముద్ద అడ్డం పడితే, దగ్గుతున్నంతసేపు దగ్గనివ్వండి. దగ్గు రాక, గొంతు పెగలకపోతే ముందుకి వంచి, వీపు మీద రెక్కల మధ్య అరచేతి మడమతో గట్టిగా ఐదు దెబ్బలు వేయాలి. ముద్ద బయటికి రాకపోతే వెనకనుంచి పట్టుకుని బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. ఈలోపు ఇంకొకరు 108కి చేయాలి. కనబడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. ఇది ఏడాది దాటిన పిల్లలకే. అంతకన్నా చిన్నవాళ్ళకి పొట్ట నొక్కకూడదు, ఆ పద్ధతి వేరు, మీ పిల్లల డాక్టరు చేత ఒకసారి చేయించి చూసుకోండి.

ప్రశ్న: రెండున్నరేళ్ళ పిల్లకి బఫేలో డబ్బులు తీసుకుంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: హోటలుని బట్టి ఉంటుంది. కొందరు వయసు చూస్తారు, కొందరు ఎత్తు. కూర్చున్నాక కాదు, గుమ్మంలోనే అడుగు. అయినా ఆ వయసు పిల్ల బఫేలో తినేది ఒక పూరీ, రెండు గులాబ్ జామూన్లు. మీకు కూడా తినే తీరిక దొరకదు, ఒకరు ప్లేటు పట్టుకుని నిలబడితే ఇంకొకరు దాని వెనక పరిగెడుతుంటారు. ఆ డబ్బుతో మామూలు భోజనం రెండుసార్లు చెయ్యండి.